రాతిలో నిలిచినది, నాలుకపై నిలిచినది: మాల్టా, సిసిలీ ద్వీపాల మధ్యయుగ అరబీ శాసనాలు

ప్రవేశిక

ఒక ప్రాంతపు భాషాచరిత్రను నిర్మించేటప్పుడు శాసనాన్ని తొలి సాక్షిగా స్వీకరించడం చరిత్రకారులకు అలవాటైన పద్ధతి. తాళపత్రం శిథిలమవుతుంది, కాగితం కాలిపోతుంది, శిల మాత్రం మిగులుతుంది. అందుచేత శాసనాలు విస్తారంగా దొరికిన చోట ఆ భాష బలంగా వేళ్లూనిందనీ, అవి అరుదైన చోట దాని ఉనికి పలచనిదనీ భావించడం సహజం. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి మధ్యధరా సముద్రంలో పక్కపక్కనే ఉన్న రెండు ద్వీపసీమలు చక్కని అవకాశం కల్పిస్తున్నాయి. అవి సిసిలీ, మాల్టా.

సిసిలీలో అరబీ శాసనాలు రాజభవనాల మీద, చర్చిల స్తంభాల మీద, సమాధి ఫలకాల మీద, నాణేల మీద, పట్టువస్త్రాల మీద కూడా కనిపిస్తాయి. అక్కడ నేడు అరబీ మాట్లాడేవారి పరంపర లేదు. మాల్టా, గోజో ద్వీపాలలో దొరికిన అరబీ శాసనాలు స్వల్పం, వాటిలోనూ ఎక్కువ భాగం ముక్కలు. కానీ అక్కడి ప్రజలు నేటికీ మధ్యయుగపు అరబీ నుంచి పుట్టిన భాషనే ఇంటా బయటా మాట్లాడుతున్నారు. ఈ వైరుధ్యానికి కారణాలను కొన్ని ముఖ్యమైన పురావస్తువుల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

ఉత్తర ఆఫ్రికాలోని ఇఫ్రీకియా, అంటే నేటి ట్యునీసియా ప్రాంతం, కేంద్రంగా పాలించిన అగ్లబీల సైన్యం క్రీ.శ. 827లో సిసిలీ పశ్చిమతీరాన మజారా వద్ద దిగింది. 831లో పలెర్మో, 902లో తవోర్మీనా వారి వశమయ్యాయి. 870లో మాల్టా బైజాంటైన్ల చేతినుంచి జారిపోయింది. అల్-హిమ్యరీ అనే రచయిత భౌగోళిక గ్రంథం ప్రకారం ఆ దాడి తరువాత మాల్టా జనహీనమై, హిజ్రీ 440లో, అంటే 1048-49 ప్రాంతంలో, మళ్లీ ముస్లింల నివాసమైంది. మ్దీనా నగరంలో తవ్వకాలలో బయటపడిన మృణ్మయపాత్రల ఆధారంగా ద్వీపం అన్నేళ్లపాటు పూర్తిగా నిర్మానుష్యంగా ఉందా అన్న సందేహాన్ని కొందరు పురావస్తువేత్తలు వ్యక్తం చేశారు.

నార్మన్లు 1061లో సిసిలీ మీదికి వచ్చి, 1072లో పలెర్మోను, 1091 నాటికి యావత్ ద్వీపాన్ని జయించారు. అదే సంవత్సరం మొదటి రోజర్ మాల్టా మీద దాడి చేసి కప్పం విధించాడు. 1127లో రెండవ రోజర్ దానిని ప్రత్యక్ష పాలనలోకి తెచ్చాడు. 1130లో అతడు సిసిలీ రాజుగా కిరీటం ధరించాడు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఈ వ్యాసంలో చర్చించే ప్రధాన శాసనాలన్నిటిమీదా ఉన్న తేదీలు ముస్లిం పాలన కాలానివి కావు, క్రైస్తవ రాజుల కాలానివి. సిసిలీలో ముస్లిం పాలన నాటి భవన శాసనాలు మిగిలినవి అరుదు. పాలకులు మారినంత మాత్రాన లిపి మారలేదన్నది ఈ అధ్యయనానికి మొదటి మెట్టు.

మైమూనా శిల

గోజో ద్వీపంలోని కోటలో ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలో ఒక పాలరాతి ఫలకం ఉంది. మాల్టా ప్రజలు దీనిని మైమూనా శిల అని పిలుస్తారు. ఒక వైపు రోమన్ కాలపు చెక్కడం, రెండో వైపు కూఫీ లిపిలో ఉబ్బెత్తుగా చెక్కిన అరబీ శాసనం ఉన్నాయి. మాల్టా, గోజో సున్నపురాతి ద్వీపాలు. పాలరాయి అక్కడ పుట్టదు. కనుక ఈ రాయి సముద్రం దాటి వచ్చి, ఒక ప్రాచీన కట్టడంలో పనిచేసి, దాదాపు వెయ్యేళ్ల తరువాత సమాధి ఫలకంగా రెండో జన్మ ఎత్తింది.

శాసన నిర్మాణం ఆనాటి ఇస్లామిక సమాధి ఫలకాల సంప్రదాయాన్ని అనుసరించింది. దైవనామస్మరణతో మొదలై, ప్రవక్తకు మంగళాశాసనం పలికి, శాశ్వతత్వం దైవానిదేననీ సృష్టి నశించేదేననీ చెప్పి, ఆపైన మృతురాలి పేరు, వంశం, మరణదినం తెలుపుతుంది. ఆమె మైమూనా. తండ్రి హస్సాన్, తాత అలీ. ఇబ్న్ అస్-సూసీ అనేది ఆ కుటుంబానికి వ్యవహారనామం. మరణించింది హిజ్రీ 569 షాబాన్ నెల 16వ తేదీ, గురువారం.

ఈ తేదీని పరీక్షించే అవకాశం శాసనంలోనే ఉంది. హిజ్రీ నెల చంద్రదర్శనం మీద ఆధారపడుతుంది గనుక గణితంతో సాధించిన తేదీకీ వాస్తవంగా పాటించిన తేదీకీ ఒక రోజు తేడా రావచ్చు. గణనను బట్టి షాబాన్ 16 క్రీ.శ. 1174 మార్చి 21న గాని 22న గాని పడుతుంది. ఆ సంవత్సరం మార్చి 21 గురువారం. శాసనంలోని వారం పేరు సందేహాన్ని తీర్చి, 21వ తేదీని నిర్ధారిస్తుంది. తిథికీ వారానికీ ఇలా పొత్తు కుదరడం శాసన ప్రామాణికతకు బలమైన ఆధారం.

వంశనామం విషయంలో అంతటి నిశ్చయం సాధ్యం కాదు. ఈ తరహా కూఫీ లిపిలో అక్షరాలకు చుక్కలు ఉండవు. చుక్క లేనప్పుడు దాల్, జాల్ అనే రెండు అక్షరాలకు రూపం ఒక్కటే. అందుచేత అలీ పేరు తరువాతి మాటను హుదలీ అనీ, హుజలీ అనీ రెండు విధాలా చదవవచ్చు. రెండో పాఠాన్ని అంగీకరిస్తే ఆ కుటుంబం అరేబియాలోని సుప్రసిద్ధమైన హుజైల్ తెగతో తన బాంధవ్యాన్ని చెప్పుకున్నట్టవుతుంది. ఒక చుక్క లేమి వల్ల ఒక వంశచరిత్రే సందిగ్ధంలో పడింది. అస్-సూసీ అన్న మాట మాత్రం ట్యునీసియా తీరాన ఉన్న సూసా పట్టణంతో సంబంధాన్ని సూచిస్తుందని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు.

తేదీ తెలిపిన తరువాత శాసనం స్వరం మారుతుంది. అంతవరకు ఆమెను గురించి చెప్పిన శాసనంలో ఇక ఆమే మాట్లాడుతుంది. మరణాన్ని నిలువరించగలది భూమిమీద ఏదైనా ఉందా అని చూపరిని ప్రశ్నిస్తుంది. భవనం నుంచి మృత్యువు తనను తీసుకుపోయినప్పుడు తలుపులు గాని గడియలు గాని కాపాడలేదంటుంది. తన కన్నులమీద మట్టి పేరుకొన్నదని చెప్పి, పశ్చాత్తాపపడమని చూపరిని హెచ్చరిస్తుంది. భవనం, తలుపులు, గడియల ప్రస్తావన వల్ల మైమూనా సంపన్న కుటుంబపు స్త్రీ అని కొందరు ఊహించారు. అయితే మృతుడు బాటసారితో సంభాషించడం, ఐశ్వర్యపు నిష్ఫలత్వాన్ని ఉగ్గడించడం సమాధి కవిత్వంలో రూఢమైన వర్ణనలు. వాటినుంచి ఆమె ఇంటి వైభవాన్ని లెక్కగట్టడం తగదు. ఆమె స్థితిగతులకు నిజమైన సాక్ష్యం పద్యం కాదు, పాలరాయి. అంత నేర్పుగా చెక్కించిన ఫలకానికి ఖర్చు పెట్టగలిగిన కుటుంబం సామాన్యమైనది కాదు.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. ఈ రాయి గోజోలోని షెవ్‌కియా, సన్నాత్ గ్రామాల మధ్య పొలాలలో దొరికిందని స్థానిక ఐతిహ్యం. అయితే అది శాస్త్రీయమైన తవ్వకంలో బయటపడలేదు. దొరికిన చోటిని, ఏ పొరలో దొరికిందన్న వివరాన్ని నమోదు చేసిన లేఖనం లేదు. ఒక ప్రభువంశం చేతిలో ఉండి పందొమ్మిదో శతాబ్దంలో ప్రజల ఆస్తిగా మారింది. ట్యునీసియా తీరం నుంచి మాల్టాకు ఓడల రాకపోకలు నిరంతరం సాగిన కారణంగా ఈ ఫలకం ఆఫ్రికాలోనే తయారై తరువాతి కాలంలో ద్వీపానికి చేరి ఉండవచ్చని వాదించిన పండితులున్నారు. గోజోలోనే ఉండేదంటే, నార్మన్ పాలన ప్రత్యక్షంగా నెలకొన్న 47 ఏళ్ల తరువాత కూడా అక్కడ సంపన్న ముస్లిం కుటుంబం తన మతం, భాష, లిపి నిలుపుకొని ఉందని రుజువవుతుంది. బయటినుంచి వచ్చిందంటే, ఆ నిర్ణయానికి మరో ఆధారం వెదకాలి. శాసనంలో ఒక్క అక్షరమైనా మారకుండానే దాని చారిత్రకార్థం పూర్తిగా మారిపోతుంది. శాసనపాఠం ఎంత ముఖ్యమో అది దొరికిన చోటు అంత ముఖ్యమని ఈ ఉదాహరణ బోధిస్తుంది.

రబాత్ శ్మశానవాటిక

ఆ మరో ఆధారం మాల్టా ప్రధాన ద్వీపంలో ఉంది. మ్దీనా కోటగోడల వెలుపల, రబాత్‌లో, ఒక సంపన్న రోమన్ గృహపు శిథిలాలు 1881లో బయటపడ్డాయి. 1920వ దశకంలో తెమిస్తోక్లీస్ జమ్మిత్ అక్కడ తవ్వకాలను విస్తరించాడు. రోమన్ మొజాయిక్ నేలలు ఉన్న ఆ స్థలంలోనే మధ్యయుగపు ముస్లిం సమాధులు 200కు పైగా కనిపించాయి. వాటితోపాటు కూఫీ అక్షరాలు చెక్కిన సమాధిరాళ్ల ఖండాలు లభించాయి. స్థానిక సున్నపురాతితో పట్టకం ఆకారంలో మలచిన రాళ్లు వీటిలో ఉన్నాయి. ఈ ఆకృతి ఇఫ్రీకియా సమాధి సంప్రదాయానికి దగ్గరిది.

కళాదృష్టితో చూస్తే ఈ ఖండాలు మైమూనా ఫలకం ముందు వెలవెలబోతాయి. చరిత్రదృష్టితో చూస్తే వీటి విలువ ఎక్కువ. రాయి స్థానికం, చోటు తెలిసినది, పక్కనే అస్థికలున్నాయి. మాల్టాలో అరబీ అక్షరం చెక్కగలవారు, చెక్కించుకొనేవారు ఉండేవారని ఇవి నిస్సందేహంగా చెబుతాయి. మ్దీనా అంటే అరబీలో నగరం, రబాత్ అంటే దాని వెలుపలి పేట. ఊరి పేర్లే అక్కడ శాసనాలకు తోడు సాక్ష్యం పలుకుతున్నాయి.

సిసిలీ: ఆస్థాన శాసనాలు

సిసిలీకి వస్తే దృశ్యం మారుతుంది. రెండవ రోజర్ కోసం పలెర్మో రాజశాలలో తయారైన ఎర్రపట్టు ఉత్తరీయం అంచున కూఫీ లిపిలో శాసనం ఉంది. తాటిచెట్టుకు రెండు వైపులా ఒంటెలను లొంగదీసిన సింహాల బొమ్మలను బంగారు జరీతో, ముత్యాలతో కుట్టారు. వస్త్రం తయారైన సంవత్సరాన్ని హిజ్రీ 528గా, అంటే క్రీ.శ. 1133-34గా, శాసనం పేర్కొంటుంది. క్రైస్తవ రాజు భుజాలమీది వస్త్రం తన కాలాన్ని హిజ్రీ శకంలో లెక్కించింది. తరువాతి శతాబ్దాలలో పవిత్ర రోమన్ చక్రవర్తుల పట్టాభిషేక వస్త్రంగా మారిన ఈ ఉత్తరీయం ఇప్పుడు వియన్నా రాజభాండాగారంలో ఉంది.

1142లో రోజర్ ఒక జలగడియారాన్ని నిర్మింపజేసి, ఆ విషయాన్ని లాటిన్, గ్రీకు, అరబీ భాషలలో చెక్కించాడు. ఈ మూడు పాఠాలు ఒకదానికొకటి అనువాదాలు కావు. ఒక్కొక్క భాష తన ప్రశస్తి సంప్రదాయాన్ని అనుసరించి రాజును కీర్తించింది. నాణేలలోనూ ఇదే తీరు. ఫాతిమీల కాలపు పావు దీనారు నుంచి వచ్చిన తరీ అనే బంగారు నాణెం మీద ఒక వైపు కూఫీ అక్షరాలు, రెండో వైపు శిలువ, క్రీస్తు విజయాన్ని చాటే గ్రీకు సంక్షేపాక్షరాలు కనిపిస్తాయి. రోజర్ మంత్రి, ఆంటియోక్ జార్జి కట్టించిన సాంతా మరియా చర్చి గుమ్మటం అడుగున కొయ్య దూలం మీద ఉన్న అరబీ పాఠం ఇస్లామిక గ్రంథాలలోది కాదు, గ్రీకు క్రైస్తవ ప్రార్థనలకు అరబీ రూపం. మరోవైపు పలెర్మో ప్రధాన చర్చి దక్షిణ ముఖమంటపంలోని ఒక స్తంభం మీద ఖురాన్ ఏడవ సూరాలోని 54వ వాక్యం ఉంది. అది పాత కట్టడం నుంచి తెచ్చి నిలిపిన స్తంభం. ఒకే నగరంలో క్రైస్తవ ప్రార్థన అరబీలో పలికింది, ఖురాన్ వాక్యం చర్చి స్తంభం మీద నిలిచింది. అరబీ శాసనం కనబడగానే దానిని ముస్లిం శాసనంగా వర్గీకరించే తొందరపాటుకు ఇంతకుమించిన హెచ్చరిక లేదు.

వీటన్నిటిలో విశిష్టమైనది పలెర్మోలోని జీజా భవనంలో భద్రపరచిన అన్నా సమాధి ఫలకం. గ్రిసాంతుస్ అనే రాజపురోహితుడు తన తల్లి అన్నా కోసం దీనిని చెక్కించాడు. ఆమె 1148లో మరణించింది; 1149లో ఆమె అస్థికలను కుమారుడు తన కుటుంబ ప్రార్థనామందిరానికి తరలించాడు. నడుమ శిలువ, దాని చుట్టూ నాలుగు పాఠాలు: లాటిన్, గ్రీకు, అరబీ, వీటికి తోడు హీబ్రూ లిపిలో రాసిన అరబీ. లిపులు నాలుగు, భాషలు మూడు. ఒక్కొక్క పాఠం తన సంప్రదాయపు శకంలో కాలాన్ని చెప్పింది. లాటిన్ క్రీస్తుశకాన్ని, గ్రీకు బైజాంటైన్ సృష్టిశకాన్ని, అరబీ హిజ్రీ శకాన్ని, హీబ్రూ లిపి పాఠం యూదుల సృష్టిశకాన్ని వాడాయి. ఒక క్రైస్తవ పురోహితుడు తన తల్లి మరణవార్తను ముస్లిం శకంలోనూ యూదు శకంలోనూ చెప్పించాడంటే, చదివే జనం పట్ల గౌరవం ఎంత ఉందో రాజాస్థానపు బహుభాషా వైభవాన్ని తానూ చాటుకోవాలన్న కోరిక అంత ఉంది.

ఈ వైభవం స్థానిక పరంపర సహజంగా కొనసాగినందువల్ల కలిగినది కాదని జెరెమీ జాన్స్ పరిశోధన నిరూపించింది. 2002లో ప్రచురించిన గ్రంథంలో ఆయన, రోజర్ రాజైన తరువాత అరబీ లేఖనవ్యవస్థను కైరోలోని ఫాతిమీ ఆస్థానపు నమూనా మీద మళ్లీ నెలకొల్పారని వాదించాడు. అంటే ఈ శాసనాలకు ప్రాణం పోసింది రాజాజ్ఞ. ప్రాణం తీసినదీ అదే. పదమూడో శతాబ్దానికి తరీ నాణేల మీది అరబీ అక్షరాలు చదవడానికి వీలులేని గీతలుగా, వట్టి అలంకారాలుగా దిగజారాయి. అక్షరాలు చెక్కే చేతికి అవి అక్షరాలన్న జ్ఞానం పోయింది.

రెండు ద్వీపాల వైరుధ్యం

1184-85లో సిసిలీని చూసిన అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, రెండవ విలియం రాజు అరబీ చదవగలడనీ, రాయగలడనీ నమోదు చేశాడు. పలెర్మో క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల మాదిరిగా దుస్తులు ధరించి, ధారాళంగా మాట్లాడతారని మెచ్చుకొన్నాడు. అదే గ్రంథంలో మతం మార్చుకొమ్మన్న ఒత్తిడి కింద నలిగిన ముస్లిం కుటుంబాల వేదనను కూడా వినిపించాడు. 1189లో విలియం మరణించగానే పలెర్మోలో ముస్లింల మీద దాడులు జరిగాయి. వారు పశ్చిమ కొండలలోకి తరలిపోయి తిరుగుబాట్లు చేశారు. 1220వ దశకం నుంచి రెండవ ఫ్రెడరిక్ వారిని ఇటలీలోని లూచేరాకు తరలించాడు. 1300లో ఆ వసతి కూడా నాశనమయింది. ఖాళీ అయిన సిసిలీ గ్రామాలలో ఇటలీ నుంచి వచ్చిన లాటిన్ సంబంధ భాషల వారు స్థిరపడ్డారు. అరబీని హీబ్రూ లిపిలో రాసుకొన్న యూదులు 1492 నాటి ఆజ్ఞతో ద్వీపం విడిచారు. శిలలు మిగిలాయి, మాట్లాడేవారు మిగలలేదు.

మాల్టాలో పరిస్థితి వేరు. 1241 ప్రాంతంలో జిల్బెర్తో అబ్బాతే ఫ్రెడరిక్‌కు సమర్పించిన నివేదికలో మాల్టా ద్వీపంలో 47 క్రైస్తవ, 681 ముస్లిం, 25 యూదు కుటుంబాలు. గోజోలో 203 క్రైస్తవ, 155 ముస్లిం, 8 యూదు కుటుంబాలు లెక్కకు వచ్చాయి. 47 అన్న సంఖ్య లేఖకుని పొరపాటు కావచ్చునన్న చర్చ నేటికీ ముగియలేదు. మతాన్ని బట్టి ఆ లెక్క ఎలా ఉన్నా, భాషను బట్టి చూస్తే విభజన అంత స్పష్టంగా లేదు. సిసిలీలో అరబీ ప్రధానంగా ఒక మతవర్గానికీ ఒక ఆస్థానానికీ చెందిన భాషగా కుదించుకుపోయింది. మాల్టాలో అది ఊరంతటి భాష. ముస్లింలు మతం మారారు లేదా వెళ్లిపోయారు. మతం మారినవారు భాష మార్చుకోలేదు. దానికి బదులుగా కొత్త మతాన్ని పాత మాటలతో చెప్పుకొన్నారు. నేటి మాల్టా భాషలో దేవుడు అల్లా. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల ఉపవాసకాలం రన్‌డాన్, అది రమదాన్ శబ్దపు రూపాంతరం. ఈస్టర్ పండుగ పేరు ఈద్ అన్న మాట నుంచి వచ్చింది.

లిపి మాత్రం నిలవలేదు. పదిహేనో శతాబ్దంలో పియెత్రు కషారో రచించిన కాంతిలేనా అనే కవిత మాల్టా భాషలో లభించిన తొలి సాహిత్యకృతి. 1966లో పాత దస్తావేజుల పుస్తకంలో బయటపడిన ఆ కవిత లాటిన్ లిపిలో ఉంది. మైమూనా శిలకూ కాంతిలేనాకూ మధ్య దాదాపు మూడు శతాబ్దాల కాలంలో ఆ భాష కూఫీ అక్షరాన్ని వదిలి, ఏ లిపి ఆసరా లేకుండా నాలుకల మీద బతికి, మరో లిపిలో కన్ను తెరిచింది. శాసనాలనే లెక్కిస్తే ఈ మూడు శతాబ్దాలు భాషాశూన్యంగా కనిపిస్తాయి. నిజానికి అవి ఆ భాష వేరూనిన శతాబ్దాలు.

అధ్యయన చరిత్రలో రెండు పాఠాలు

ఈ ఆధారాల పఠనం అన్ని వేళలా నిష్పాక్షికంగా సాగలేదు. 1782లో మొరాకో రాయబారి పలెర్మోకు వచ్చిన సందర్భాన్ని ఆసరా చేసుకొని, మాల్టాకు చెందిన గ్యూసెప్పే వెల్లా అనే మతాధికారి ఒక అరబీ రాతప్రతిని సిసిలీ ముస్లిం పాలన చరిత్రగా ప్రకటించాడు. అది నిజానికి ప్రవక్త జీవితచరిత్ర. తన మాతృభాష అరబీకి దగ్గరిది కావడం అతడి మోసానికి పెట్టుబడి. సంపుటాలకు సంపుటాలు అచ్చయిన తరువాత, రొసారియో గ్రెగోరియో వంటి పండితుల విమర్శ వల్ల కల్పన బట్టబయలై, 1796లో అతడికి శిక్ష పడింది. సిసిలీ అరబీ శాసనాలను శాస్త్రీయంగా సంకలనం చేసే పని మికేలే అమారి చేతిమీదుగా 1875లో మొదటి సంపుటం వెలువడే దాకా ఆగవలసి వచ్చింది.

రెండో పాఠం మాల్టాది. గోజోకు చెందిన అజ్యుస్ దె సోల్దానిస్ 1750లో ప్రచురించిన గ్రంథంలో తన ప్రజల భాషను ప్రాచీన ప్యూనిక్‌గా, అంటే కార్తేజీయుల భాషకు వారసురాలిగా, నిరూపించడానికి ప్రయత్నించాడు. క్రైస్తవ ద్వీపానికి అరబీ మూలం కంటే ఆ మూలం గౌరవప్రదంగా తోచడం ఈ సిద్ధాంతం చాలాకాలం చెలామణి కావడానికి ఒక కారణం. వెల్లా లేని ఆధారాన్ని సృష్టించాడు. ప్యూనిక్ వాదులు కళ్లముందున్న ఆధారాన్ని చూడడానికి ఇష్టపడలేదు.

ముగింపు

పైన పరిశీలించిన ఆధారాలనుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, లిపి, భాష, మతం అనే మూడింటినీ ఒకే గాటకట్టరాదు. అన్నా ఫలకం లిపికీ భాషకూ ఉన్న భేదాన్ని, సాంతా మరియా చర్చి దూలం భాషకూ మతానికీ ఉన్న భేదాన్ని స్పష్టం చేస్తాయి. రెండు, దొరికిన చోటు తెలియని గొప్ప శాసనం కంటే చోటు తెలిసిన చిన్న ముక్క చరిత్రకు ఎక్కువ ఉపకరించే సందర్భాలున్నాయి. మైమూనా శిల, రబాత్ ఖండాలు ఇందుకు నిదర్శనం. మూడు, శాసనాల సంఖ్య ఒక భాష అధికారానికి కొలమానమే గాని, ఆయుర్దాయానికి కొలమానం కాదు. రాజు చెక్కించిన అక్షరం రాజ్యంతోపాటు మూగబోయింది. రైతులు, పడవవారు, తల్లులు మాట్లాడిన మాట లిపిని, మతాన్ని మార్చుకొని కూడా నిలిచింది. 1934లో మాల్టాలోనూ, 2004లో ఐరోపా సమాఖ్యలోనూ ఆ భాష అధికార హోదా పొందింది. మైమూనా సమాధి ముందు నిలబడిన మాల్టా పౌరునికి ఆ కూఫీ అక్షరం ఒక్కటైనా తెలియకపోవచ్చు. అయినా దానిని చదివి వినిపిస్తే అందులోని కొన్ని మాటలు అతడికి తన ఇంటిమాటలుగా వినిపిస్తాయి.